గొట్టానికి కళాయి

హనుమయ్య శెట్టి మోటారు సైకిలును ఇద్దరు మనుషులు తోసుకుంటూ తెచ్చి మా వాకిట్లో నిలబెట్టారు. పెట్రోలు కూపన్ల మీద దొరికే రోజులు. నాలుగు వీధుల దూరానికి దాన్ని ఖర్చు పెట్టడం శెట్టికి ఇష్టం లేకపోయింది. ఆ బండి నడుస్తుండగా నేను అప్పటిదాకా ఒక్కసారి కూడా చూడలేదు.

యుద్ధం అయిపోయి ఏడాది కాలేదు. గుంటూరులో మిలిటరీ సామాను వేలం వేస్తుంటే శెట్టి దాన్ని పాడుకొచ్చాడు. చక్రాల ఊచలతో సహా ఒళ్లంతా ఖాకీ రంగు. రేగడి మట్టిలో దొర్లి ఎండిన దున్నపోతులా ఉంది. శెట్టికి అప్పటికి పెట్రోలు లేకుండా బొగ్గుతో నడిచే బస్సులు రెండు. వచ్చే ఆదివారం నరసరావుపేట నుంచి గురజాలకు మూడో బస్సు మొదలుపెడుతున్నాడు. ఆ బస్సు ముందు తాను మోటారు సైకిలు మీద పోవాలి, దారిలో ఊళ్లన్నీ చూడాలి. అదీ ఆయన కోరిక.

"ఒరేయ్ మొహిద్దీనూ, నీ చేతిలో గుండిగలు అద్దాలైతయ్యని మా ఆడోళ్లు అంటారు. దీన్నీ అట్టా చెయ్యి. మెరిసిందా, సోమారం నుంచి షెడ్డుకు రా. రేడియేటర్లకు మాట్లేసేవాడు నాకు కావాలి. నెల జీతం."

మూడో తరగతి దాకా నేనూ ఆయనా పక్కపక్కన కూర్చున్నాం. లెక్కలు నా పలక చూసి రాసుకునేవాడు. మా నాయన పోతే నేను బడి మాని కొలిమి దగ్గర కూర్చున్నాను, ఆయన బడికి పోతూనే ఉన్నాడు. అప్పుడు 'ఒరే హనుమా' అనేవాణ్ణి. ఇప్పుడు శెట్టిగారు. నాకంటే తెలివిగలవాడై పైకొచ్చాడని మాత్రం ఎవరూ నాకు చెప్పవద్దు.

ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలో నాకే తెలుసు. ముప్పై నాలుగేళ్లు కొలిమి నెత్తిన పెట్టుకుని ఈపూరు, పెదకూరపాడు, మధ్యన ఉన్న పల్లెలన్నీ రాగి, ఇత్తడి గిన్నెలకు తగరం పూస్తూ తిరిగాను. అల్యూమినియం గిన్నెలు వచ్చాక "కళాయ్" అని వీధిలో అరిస్తే కుక్క తప్ప ఎవరూ తలెత్తడం లేదు. తగరం అంటుకోడానికి చల్లే నవసాగరం పొగ రొమ్ములో చేరింది. పొద్దున లేస్తే గంటసేపు దగ్గు. ఇక తగరం సంగతి, అది వచ్చే మలయా జపానువాళ్ల చేతిలో పడ్డప్పటి నుంచి బజారులో కంటికి కనబడదు. నా దగ్గర మిగిలింది బొటనవేలు మందం కడ్డీ ఒకటి.

శెట్టిగారి షెడ్డులో మెకానిక్ అలీ సాహెబు. బండి వెంట తనే వచ్చి పొగగొట్టం విప్పి నా చేతికిచ్చాడు.

"కళాయి భాయ్, ఇంజను జోలికి పోమాక. పైపైన తుడువు. ఇది గిన్నె కాదు."

"నీ నెత్తి మాత్రం గిన్నేగా సాహెబూ. దానికి పెట్టమంటావా కళాయి?"

"పెట్టు, పెట్టు. వెంట్రుకలెట్టాగూ పోయినయ్. ఎండలో మెరుస్తది," అని నవ్వుతూ పోయాడు. వినుకొండ దారిలో రెండో బస్సు చెడిపోయి కూర్చుంటే దాని కోసం వెళ్లి శనివారం రాత్రి దాకా రాలేదు. గొట్టం ఎట్లా బిగించాలో మాత్రం చూపించి వెళ్లాడు. రెండు మరలు, అంతే.

రంగు పని కష్టం కాదు, ఓపిక. ఆ ఖాకీ ఎవరో సిపాయి సున్నం కొట్టినట్టు కొట్టాడు. కిరసనాయిలులో ముంచిన గుడ్డలు కప్పి ఒక పూట నాననిచ్చాను. తర్వాత కొబ్బరి చిప్ప అంచుతో గీకాను. ఇనుము ముట్టిస్తే అడుగు రంగు మీద గీత పడుతుంది. పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద నిగనిగలాడే నలుపు. ట్యాంకు అంచున వెంట్రుక మందం బంగారు గీత ఒకటి బయటపడింది. అది కనబడ్డాక చిప్ప కూడా పక్కన పెట్టి గోటితో తీశాను. ఆ గీత గీసినవాడు ఏ దేశంవాడో గానీ చెయ్యి వణకనివాడు.

పలచటి గుడ్డలో జల్లించిన బూడిదలో ఆముదం కలిపి ఒక రోజంతా రుద్దాను. మర్నాడు తేనెమైనం కరిగించి కిరసనాయిలుతో పలచన చేసి పూసి, మా ఆవిడ హలీమా పాత ఓణీ చింపి తుడిచాను. మూడో రోజు సాయంత్రం హలీమా ట్యాంకులో తన మొహం చూసుకుని కొంగు సర్దుకుంది. పాతికేళ్ల కాపురంలో నా పనిని ఆమె మెచ్చుకోవడం అదే.

చిక్కు గొట్టం దగ్గర వచ్చింది. తుప్పు, దాని మీద మాడిన నూనె, ఇంజను వైపు కొసన నెమలి మెడ లాంటి నీలం. చింతపండు, ఇసుక వేసి తోమాను. ఇటుక పొడితో తోమాను. నీలం పోయింది, తుప్పు పోయింది, ఇనుము బయటపడింది. అయినా మెరవదు. ఎంత రుద్దినా కడిగిన గచ్చులా బూడిద రంగే. పక్కన ట్యాంకు అద్దంలా ఉంటే ఇదేమో ఇట్లా. ఆదివారానికి మళ్లీ తుప్పు పట్టినా పడుతుంది.

"కళాయి పెడితే?" అన్నాను.

హలీమా నా వంక చూసింది. "ఉన్న కడ్డీ కాస్తా అయిపోద్ది."

"సోమారం నుంచి మనకి కడ్డీతో పనేంది?"

ఆమె లేచి కొలిమికి గాలి కొట్టే తిత్తి ముందు కూర్చుంది. నేను గొట్టాన్ని పట్టకారుతో బొగ్గుల మీద తిప్పుతూ, నవసాగరం చల్లి, తగరం అంటించి, దూదితో ఒక్క లాగు లాగాను. వెన్నెల పరుచుకున్నట్టు పరుచుకుంది. పలచగా పెడితే త్వరగా అరుగుతుందని మీద రెండో పూత కూడా వేశాను. కడ్డీ అయిపోయింది.

శనివారం మధ్యాహ్నం శెట్టిగారు వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గొట్టం దగ్గర వంగి మీసం చూసుకున్నాడు.

"ఏందిరా ఇది, వెండి తొడిగావా?"

"మీకు నచ్చితే అదే చాలు శెట్టిగారూ."

"చానా బాగుంది. సోమారం పొద్దున్నే రా. ఆలస్యం చెయ్యమాక, జీతగాడివి ఇంక."

బండిని మళ్లీ తోసుకుంటూ తీసుకుపోయారు.

ఆదివారం పొద్దున నేను ఉన్న ఒక్క మంచి చొక్కా ఉతికి ఆరేస్తున్నాను. మా ఎదురింటి అబిదా రాగి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"నెల కాలేదు భాయ్ నువ్వు కళాయి పెట్టి. అడుగంతా ఊడింది. తగరంలో సీసం కలిపావు నువ్వు."

గిన్నె వెలుగుకు పట్టి చూశాను. అడుగున రాగి ఎర్రగా బయటపడింది. ఒక పక్కకు తగరం జారి గోరంత ముద్దగా గడ్డకట్టి ఉంది. చూడగానే తెలిసిపోయింది. ఇట్లాంటి గిన్నెలు నా జన్మలో వేలు చూశాను, వేలమంది ఆడవాళ్లను తిట్టాను.

"ఏమే అబిదా, ఎసరు పొయ్యకుండా పొయ్యి మీద పెట్టి ఎవరితో ముచ్చట్లకు పోయావే? లోపల నీళ్లుంటేనే కళాయి నిలిచేది. ఒట్టి గిన్నె మంట మీద పెడితే కారిపోదా?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. వచ్చాక నా చెవులకే వినబడింది.

గొట్టంలో నీళ్లుండవు. మంట ఉంటుంది. మరక అనుకుని నేను తోమేసిన ఆ నీలం, ఇనుము కాలిన నీలం. కొలిమిలో కాలిన పట్టకారు కొస రోజూ ఆ రంగే తేలుతుంది. నా కళ్లెదురుగానే ఉంది.

గొట్టం సరిగ్గా కుడి పాదం పక్కనుంచి పోతుంది. కరిగిన తగరం పాదం మీద పడితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కరలేదు. పన్నెండో ఏట నా ఎడమ కాలి మీద పడింది ఒక్క చుక్క. నెల రోజులు కుంటుతూ నడిచాను, గుంట ఇప్పటికీ ఉంది. బండి మీద పోయేవాడికి అట్లా కాలితే కాలొక్కటే పోదు.

హలీమాకు నేను చెప్పకుండానే అర్థమైంది.

"చెప్తే పని పోద్ది," అంది.

"పోద్ది."

అబద్ధం ఎందుకు, కాలితే కాలనియ్యి అని కూడా అనుకున్నాను. పలకలో లెక్కలు చూసి రాసుకున్నవాడి కాలు. కానీ అది కాల్చేది నా తగరం, నా చేత్తో వేసిన రెండో పూత. తడి చొక్కానే తొడుక్కుని పరుగెత్తాను.

షెడ్డు ముందు జనం. బస్సుకు బంతిపూల దండలు. శెట్టిగారు పట్టు ఉత్తరీయం వేసుకుని, కొత్త కిర్రు చెప్పులతో బండి మీద కూర్చున్నాడు. దాచిన కూపన్ల పెట్రోలంతా ఆ రోజుకే ఉంచినట్టున్నాడు. అప్పటికే చానాసేపటి నుంచి ఇంజను మోగిస్తూ చుట్టూ చూస్తున్నాడు.

"శెట్టిగారూ!" అన్నాను. వినపడలేదు. "శెట్టిగారూ!" అని ఇంకాస్త గట్టిగా అరిచాను. ఆయన పాదం పైకి తీసి గొట్టం పక్కన ఆనించాడు. బండి కదలబోతోంది.

"ఒరే హనుమా, దిగరా!"

అందరూ విన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. శెట్టిగారు నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"ఏందిరా కూశావు?"

"గొట్టానికి పెట్టింది కళాయి. వేడికి కరిగి మీ కాలి మీద పడుద్ది. దిగండి."

"కరిగేదాన్ని ఎందుకు పెట్టావురా?"

"గిన్నె అనుకున్నా శెట్టిగారూ."

ఈసారి జనమంతా నవ్వారు. అలీ సాహెబు మాత్రం నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఇంజను దగ్గర గొట్టాన్ని చూశాడు. అక్కడ మెరుపు చెమట పట్టినట్టు తడితడిగా కదులుతోంది. మేం చూస్తుండగానే ఒక చుక్క జారి దుమ్ములో పడింది. శెట్టిగారు కాలు తీశాడు. ఆ తర్వాత బండి దిగాడు.

అలీ సాహెబు బండికి స్టాండు వేసి ఇంజను గట్టిగా తిప్పాడు. ఇంజను వైపు తగరం చుక్కలు చుక్కలుగా కారింది. మిగిలిన తడిని గోనె గుడ్డతో లాగేశాడు. వెనక వైపు అంత వేడెక్కదు, అక్కడ అట్లాగే నిలిచింది. చివరికి గొట్టం సగం వెండి, సగం కాలిన కట్టె. దాని మీదే ఎక్కి శెట్టిగారు గురజాల దారి పట్టాడు. వెనక బస్సు పోయింది. పోయేముందు నా వైపు చూడకుండా, "నీ గిన్నెలు నువ్వు తోముకో," అన్నాడు.

జనం పలచబడ్డాక అలీ సాహెబు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రేపు షెడ్డుకు రామాక భాయ్."

"తెలుసు. గొట్టం పాడుచేశాగా."

"గొట్టానిదేముంది, నాలుగు రోజులకు మర్చిపోయేవాడు. కాలు కాలినా మర్చిపోయేవాడేమో. నలుగురిలో ఒరే అన్నావు చూడు, అది మర్చిపోడు."

నేను దుమ్ములో కూర్చుని తగరం గింజలు ఏరుకున్నాను. చింతగింజంతవి ఏడెనిమిది, ఆవగింజల్లాంటివి చానా. మట్టి ఊదుకుంటూ రుమాలులో మూటగట్టాను. మిగతా సగం శెట్టిగారితో గురజాల పోయింది.

ఇంటికి వచ్చేసరికి అబిదా ఇంకా మా వాకిట్లోనే ఉంది. హలీమా నా మొహం చూసింది. కొలిమి రాజేసి తిత్తి ముందు కూర్చుంది. అబిదా గిన్నె తోమి, కాల్చి, ఆ గింజలు వేసి దూదితో లాగాను. సరిగ్గా సరిపోయింది.

అబిదా గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "సీసం లేదుగా?" అంది.

"లేదు. ఎసరు పోసి పెట్టు," అన్నాను.