ఆకాశంలో పెద్దల్లుడు

మా తోడల్లుడు ధనశేఖర్ సింగపూర్ విమానంలో రెండు పెగ్గులు తాగి వచ్చినప్పటి నుంచి, ఏర్పేడులో మా మామ దొరస్వామి పక్క కుర్చీ వాడిదైపోయింది. ఇరవై రెండేళ్లుగా అది పెద్దల్లుడి కుర్చీ. అంటే నాది. వాడికి విమానం, మామకు అభిమానం, నాకు అవమానం!

"రోడ్డు పక్కన సీసా తెరిస్తే పోలీసోళ్లు పట్టుకుంటారు. కొండకు తీస్కపోతే అలిపిరిలోనే పట్టుకుంటారు. అంత పైన పిల్చి పోస్తారా అబ్బా!" మామ నోరెళ్లబెట్టేవాడు.

"దేశం దాటే విమానంలోనే మామా. హైదరాబాదుకు పొయ్యేదాంట్లో పొయ్యరు. మన సీసా మనం తెరిచినా తప్పే, వాళ్లు పోస్తేనే తాగాల," అనేవాడు ధనశేఖర్, ఆ రూల్సు తానే రాసినట్టు.

చుక్క పడకుండానే నా కడుపు మండింది. చెన్నై నుంచి సింగపూర్‌కు నాకూ, మా ఆవిడ ప్రసన్నకుమారికీ టిక్కెట్లు తీశాను. ఊరు చూద్దామని ఆమెతో చెప్పాను. నాకు నోరూరింది ఊరి కోసమా!

విమానం లేచింది. ట్రాలీ వచ్చింది. ఏం కావాలని ఆ అమ్మాయి నవ్వుతూ అడిగింది. నేను పెదవి కదిపేలోగా ప్రసన్నకుమారి పసుపు గుడ్డలో మూటగట్టిన రూపాయిబిళ్ల నా అరచేతిలో పెట్టింది.

"విమానమంటే భయమేసి ముడుపు కట్టినాను. దీన్ని హుండీలో ఏసేదాకా నువ్వు మందు ముట్టవని స్వామికి మొక్కినా."

"నా నోటికి నువ్వెట్ల మొక్కుతావే?"

"నా నోటితోనే మొక్కినాను."

పోతూ నారింజ రసం. వస్తూ నారింజ రసం. పక్క వరసలో ఒకాయన తాగి గురక పెడుతుంటే, ఆ గురక మీద కూడా అసూయపడ్డాను.

ఏర్పేడులో ఇంటిల్లిపాది ముందు ధనశేఖర్ అడిగాడు. "ఎన్ని ఏసినావన్నా?"

"నాలుగు," అన్నాను.

మామ లేచి నిలబడ్డాడు. "నాలుగా! లెయ్ శేఖరా. నువ్వు రా పెద్దల్లుడూ, ఈడ కూచో!"

ధనశేఖర్ ముఖం మాడిన దోసె అయింది. నా జన్మ ధన్యమైంది, సరిగ్గా అర నిమిషం.

"అయితే మొక్కు తప్పినట్టే గదా నాయనా," అంది ప్రసన్నకుమారి. విమానంలో నా భుజానికి భుజం ఆనించి కూర్చున్న మనిషి! "తప్పుకు గుండు కొట్టించుకోవాల. నడిచి కొండెక్కాల. లేదంటే తాగలేదని చెప్పమను."

అందరూ నా వైపు చూశారు. తాగలేదంటే కుర్చీ పోతుంది. తాగానంటే జుట్టు పోతుంది. ఈ వయసులో మళ్లీ ఎంత మొలుస్తుందో నమ్మకం లేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"ఎప్పుడు పోదాం?" అన్నాను.

శనివారం మెట్లన్నీ ఎక్కి, మోకాళ్లు పట్టుకుని, తిరుమలలో కత్తి కింద తల వంచాను. మామ నా పక్కనే నిలబడి, "మా పెద్దల్లుడప్పా," అని గుండు గీసే ఆయనకు గర్వంగా చెబుతున్నాడు.

బస్సులో హాయిగా వచ్చిన ధనశేఖర్ ఎదురుగా నిలబడి, జేబులోంచి దువ్వెన తీసి, తీరిగ్గా పాపిడి దువ్వుకుంటున్నాడు.

ఎంత ఒత్తుగా ఉందో, వెధవకి!