రెక్కల నట్టు

డ్రమ్ములంటే ప్రాణం పెట్టేవాళ్ళు చాలామందే ఉంటారు. డ్రమ్ముల స్టాండ్లంటే ప్రాణం పెట్టేవాడు మాత్రం దరువు ఒక్కడే. అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. వాయించడం కాగానే తన ముఖం తుడుచుకునే ముందు స్టాండ్ల మీద పడిన చెమట తుడిచేవాడు. సింబల్ అనే ఇత్తడి పళ్ళెం కింద ఉన్ని బిళ్ళ అరిగి ఇత్తడిని ఇనుము కొరుకుతోందంటే ఆ పూట అన్నం సయించేది కాదు. వానొస్తే కోటు విప్పి స్టాండ్ల పెట్టె మీద కప్పి, తాను తుమ్ముకుంటూ ఇల్లు చేరేవాడు. కట్టుకున్న పెళ్ళామైనా సరే, వాటి మీద వేలు వెయ్యడానికి లేదు. "చేతి తడికి మచ్చ పడుతుంది" అనేవాడు. ఊళ్ళోవాళ్ళ పట్టుబట్టలన్నీ అవే చేతులతో కుట్టే ఆ టైలరమ్మ, పళ్ళు నూరుకుని ఊరుకునేది.

అలాంటివాడు మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. డ్రమ్ములు వెనకగదిలో మూలపడ్డాయి. ఆ గది గోడలు ఎప్పుడూ చెమ్మగానే ఉంటాయి. చూస్తూండగానే స్టాండ్లకు తుప్పు చుక్కలు లేచాయి. బ్యాండు వాయించే హాల్లో దరువు కుర్చీలో వేరొకతను కూర్చున్నాడు. కట్టు విప్పిన మర్నాడు వచ్చి ఒక పాట వాయించి చూపించమనీ, నచ్చకపోతే కుర్చీ ఆ కొత్తవాడిదేననీ బ్యాండుమాస్టరు కబురు చేశాడు.

దరువు రోజూ వెనకగది గుమ్మంలో నిలబడి, తుప్పును చూసి, నిట్టూర్చి వెళ్ళిపోయేవాడు. ఆ నిట్టూర్పులు వినలేక, అతను కట్టు విప్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళిన పూట టైలరమ్మ నూనెడబ్బా పట్టుకుని గదిలోకి దూరింది. కుట్టుమిషను ఆవిడకు నేర్పిన చదువు ఒకటే: ఇనుము ఇనుమును రాసుకునే ప్రతిచోటా చుక్క వెయ్యాలి. తుప్పు రుద్దింది. స్క్రూలకు వేసింది, పెడలుకు వేసింది. ఆ ఊపులో, ఒకదాంట్లో ఒకటి దూరే స్టాండు గొట్టాలకు కూడా పూసేసింది. అక్కడ ఇనుము జారకూడదనీ, పట్టుకునే ఉండాలనీ ఆవిడకు ఎవరు చెప్పారు గనక?

దరువు తిరిగొచ్చి చూశాడు. ఇంక తిట్లు తప్పవనుకుంది.

"మెరుస్తున్నాయే" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆవిడ కడుపు నిండిపోయింది.

"చెయ్యి ఎలా ఉందన్నారు?"

"బ్రహ్మాండంగా ఉందన్నారు."

మర్నాడు హాల్లో స్టాండ్లన్నీ తనే నిలబెట్టుకున్నాడు. టైలరమ్మ వెనక వరసలో కూర్చుంది. పాట మొదలైంది. వాయింపుకు వంక పెట్టడానికి లేదు. సగం పాట అయ్యేసరికి పెద్ద సింబల్ మెల్లగా కిందికి దిగసాగింది. దరువు వంగి కొట్టాడు. ఇంకా దిగింది, ఇంకా వంగి కొట్టాడు. బ్యాండుమాస్టరు కనుబొమలు ముడిపడ్డాయి. తన నూనె పనే అది అనుకుంది టైలరమ్మ. నలుగురూ ఏమనుకుంటారన్న ధ్యాస కూడా లేకుండా వేదిక ఎక్కి, సింబల్‌ను పైకెత్తి, గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చెవి పక్కనే పిడుగులు పడుతున్నా వదల్లేదు.

గొట్టాన్ని బిగించే రెక్కల నట్టు బొటనవేలికి తగిలింది. బిగిద్దామని తిప్పితే, ఏ బలమూ పెట్టకుండానే రెండు చుట్లు తిరిగింది. నూనె జారుతుంది, నిజమే. కానీ ఈ నట్టును అసలెవరూ బిగించనే లేదు. ఈ మనిషి నట్టు బిగించడం మర్చిపోవడమా? ఆవిడ అతని మణికట్టు వంక చూసింది. కర్ర బాగానే ఆడుతోంది. తలెత్తేసరికి దరువు తననే చూస్తున్నాడు. తప్పు చేసి దొరికిపోయినవాడిలా వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆవిడకు అర్థమైపోయింది.

పాట అయింది.

"ఏమిటయ్యా ఇది? చెయ్యి ఇంకా కుదురుకోలేదా?" అన్నాడు బ్యాండుమాస్టరు.

"చెయ్యి..." అని దరువు నోరు తెరిచాడు.

"నూనె నాదండీ" అని టైలరమ్మ అడ్డుపడింది. "కుట్టుమిషను అనుకుని గొట్టాలకు కూడా పూసేశాను. ఆయన్ని అంటే మీకు పాపం తగులుతుంది."

మాస్టరు గొట్టం మీద వేలు రాసి, వాసన చూసి, నవ్వేశాడు. "అంత వంగి కొట్టినా లయ తప్పలేదు. రేపట్నుంచి వచ్చెయ్. ఆ గొట్టాలు మాత్రం తుడిచి తీసుకురా."

మాస్టరు వెళ్ళాక ఇద్దరూ సామాను సర్దుతున్నారు.

"బ్రహ్మాండంగా ఉందన్నారని నాతో చెప్పారు" అంది టైలరమ్మ.

"వాయించుకోవచ్చన్నారు. మెలితిప్పే పనులు మాత్రం ఇంక ఈ చేత్తో కావన్నారు. ఎడం చేత్తో తిప్పితే అందరికీ తెలిసిపోతుందని ఊరుకున్నాను."

"నాతో చెప్తే ఏం పోయేది?"

"నీతో చెప్పేస్తే నిజమైపోతుందనిపించింది."

ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. నోటికొచ్చిన నాలుగు చీవాట్లూ మింగేసి, సర్దిన స్టాండును మళ్ళీ తీసి నిలబెట్టింది.

"రేపు నేనూ వస్తాను. ఎంత బిగించాలో చెప్పండి."

దరువు పక్కనే కూలబడి, "రెక్క విరిగేంత కాదు. గొట్టం ఆగితే చాలు" అన్నాడు.

ఆవిడ తిప్పింది. "ఇంతేనా?"

"ఇంకొంచెం" అన్నాడు.