కొండ అంచున అత్తగారు

ఆ నగరానికి కొత్తగా వచ్చినవాళ్ళు చూసి తీరాల్సినవన్నీ అత్తగారికి చూపించేసింది కోడలు. రాజుల కోట, మ్యూజియం, క్లాక్ టవర్, సరస్సులో పడవ అన్నీ అయ్యాయి. ఇక మిగిలింది కొండమీది వ్యూపాయింట్. అది కోడలు పనిచేసే చోటే. వచ్చేపోయేవాళ్ళకి ఫొటోలు తీసి, అక్కడికక్కడే ప్రింటు వేసిచ్చే ఫొటోగ్రాఫర్ ఆమె. దాన్ని చివరికి ఉంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. "అమ్మకి ఊరంతా ఒకసారి తిప్పు. తర్వాత తమ్ముడింటికి పంపేద్దాం. ఆ మాట నువ్వే మెల్లగా చెప్పు" అని మొగుడు చేతులు దులుపుకున్నాడు. కన్నకొడుకు చెప్పలేని మాట కోడలు చెప్పాలట! ఎంత న్యాయమో చూడండి.

పోనీ, అత్తగారు మామూలు మనిషా? ఎడ్డెమంటే తెడ్డెం. కోటలో "ఇటు రండి" అంటే అటు వెళ్ళింది. పడవలో "కూర్చోండత్తయ్యా" అంటే లేచి నిలబడి, పడవవాడి చేత చీవాట్లు తింది.

కొండమీద మంచు దట్టంగా కమ్ముకుంది. "ఫొటో తీస్తాను, ఇక్కడ నిలబడండి" అని కోడలు చోటు చూపిస్తే, అత్తగారు అది కాదని ఇంకా అవతలికి వెళ్ళి నిలబడింది. కోడలు కెమెరా కంటికి ఆనించింది. వెనక నగరం పడాలంటే మనిషి అంచు దాకా జరగాలి. అందుకే "ఇంకొంచెం వెనక్కి" అనేది అక్కడి ఫొటోగ్రాఫర్లందరికీ ఊతపదం. ఇనుప కంచె ఉండగా భయమేముంది? ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే మంచు కాస్త పక్కకు జరిగింది.

కంచె లేదు. కోడలు సెలవులో ఉన్న ఈ నాలుగు రోజుల్లోనే మరమ్మతు పేరుతో ఆ ముక్క పీకేసి, అడ్డంగా ఓ తాడు కట్టి వెళ్ళిపోయారు మహానుభావులు. ఆ తాడు కూడా తెగి నేలమీద పడి ఉంది. అత్తగారి మడమల వెనక జానెడు నేల, ఆ తర్వాత లోయ.

కోడలు కెమెరా దించింది. అరిస్తే ఆవిడ ఉలిక్కిపడుతుంది. పరిగెత్తితే 'ఏమిటే ఆ దూకుడు' అంటూ వెనక్కి జరుగుతుంది. "ముందుకు రండి" అంటే? అమ్మో! ఈ మనిషి ఏనాడు చెప్పిన వైపు నడిచింది గనక? పోనీ "వెనక్కి" అంటే ముందుకొస్తుందేమో! ఈ ఒక్కసారీ మాట వింటేనో? ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ రెండూ తన నోట్లోనే ఉన్నట్టనిపించి ఆమెకు ఏడుపొచ్చింది.

"ఏమే, తియ్యవేం? ఇంకా వెనక్కి జరగాలా?" అంటూ అత్తగారు ఒక కాలు కదిపింది.

కోడలికి ఏ ఎత్తూ తోచలేదు. తడినేలమీద చతికిలబడి, "అత్తయ్యా, నాకు భయమేస్తోంది. వచ్చి నన్ను పట్టుకోండి" అంది చంటిపిల్లలా.

అత్తగారు గబగబా వచ్చి కోడలి భుజాలు పొదివి పట్టుకుంది. కోడలు లేచి, ఆవిడ నడుం చుట్టేసి, టికెట్ గది గోడ దాకా లాక్కుపోయింది.

"అక్కడ కంచె లేదత్తయ్యా! చూసుకోవద్దూ?"

"చూశాను."

"చూసి కూడా అక్కడే నిలబడ్డారా?"

"ఇదే ఆఖరిదన్నావుగా. ఊరు తిప్పి చూపించేది చుట్టాలకే కదే, ఇంట్లోవాళ్ళకి ఎవరు చూపిస్తారు? ఇవన్నీ అయ్యాక నన్నెక్కడ దింపుతారో అడుగుదామంటే నోరు రాలేదు. నువ్వు జరగమంటే జరిగిపోదామనుకున్నాను."

"మిమ్మల్ని ఎక్కడికీ పంపం. మనింటికే పోదాం పదండి" అంది కోడలు. అనేశాక గానీ తనేమందో ఆమెకే తెలియలేదు.

"ఆ మాట నీ మొగుడితో అనగలవా?"

కోడలు ఒక చేత్తో అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసి మొగుడికి కలిపింది. అవతల రింగవుతున్నంతసేపూ అత్తగారి చెయ్యి వదల్లేదు.