లేదు అనని దుకాణం

మా దుకాణంలో "లేదు" అన్న మాట నోట రాకూడదు. పైపులూ కుళాయిలూ, వాటికి కావలసిన ఎల్బోలూ వాల్వులూ వాషర్లూ అమ్ముతాం. వచ్చినవాడు ఏదడిగినా "ఉంది" అనాలి. నిజంగా లేకపోతే "దానికంటే మంచిది ఉంది" అనాలి. "లేదు" అన్నామంటే వాడు పక్క కొట్టుకు పోతాడు, పోయినవాడు అక్కడే మరుగుతాడు. మా నాన్న నాకు నేర్పిన పాఠం ఇదొక్కటే. నేను మా అబ్బాయికి నేర్పిందీ ఇదే. ఈ పాఠాన్ని చంకన పెట్టుకుని కాలేజీకి పోయి, కోడలి నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు చేయబోయాను.

అసలు అవసరం కోడలిది. ఆమె ఒక కళ్ళాసుపత్రిలో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. వచ్చినవాళ్ళకు టోకెన్లు ఇవ్వడం, డాక్టరు ఆలస్యమైతే వాళ్ళ తిట్లు తినడం ఆమె పని. లోపల రికార్డుల గదిలో ఒకావిడ రిటైర్ కాబోతోంది. ఆ కుర్చీ కావాలంటే వైద్య పరిభాష కోర్సు పాసై రమ్మన్నారు. జబ్బుల పేర్లూ ఆపరేషన్ల పేర్లూ చదివి అర్థం చేసుకోవడం అందులో నేర్పుతారు. పగలంతా ఉద్యోగం కాబట్టి ఆమెకు సాయంత్రం బ్యాచ్ ఒక్కటే దారి.

ఆ సాయంత్రం ఆమె మొహం వేలాడేసుకుని వచ్చింది.

"బ్యాచ్ పెట్టరట మామయ్యా. ఎనిమిది మంది ఉండాలట. ఏడుగురమే ఉన్నాం."

"ఆ ఎనిమిదోవాడు ఎవడైనా పర్లేదా?"

"పదో తరగతి పాసైతే చాలట."

"నేను పాసయ్యాను" అన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా ఆవిడ గరిటెతో సహా బయటికొచ్చింది. "ఈ వయసులో కాలేజీకి వెళ్ళి మీరేం చదువుతారండీ?"

"చదవడానికి కాదే, కూర్చోడానికి."

"కూర్చోడానికైతే ఇంట్లో కుర్చీలు లేవా?"

నా లెక్క నాకుంది. సాయంత్రాలు దుకాణం అబ్బాయి చూసుకుంటాడు. నేను పోయి ఒక బెంచీ నింపితే కోడలికి బ్యాచ్ నిలుస్తుంది. పెట్టుబడి నా నడుం నొప్పి, రాబడి ఆమె కుర్చీ. ఇంతకంటే గిట్టుబాటు బేరం ఏముంటుంది అనుకున్నాను. బేరం కుదిరాక షరతులు వినడం తెలివైనవాడి లక్షణం కాదు. అయినా నేను చేసింది అదే.

మాకు పాఠం చెప్పే మేడమ్ పూర్వం పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. గడియారాన్ని చేతికి కాకుండా జాకెట్టుకు తలకిందులుగా తగిలించుకునేది. మొదటిరోజే బల్ల మీద చేత్తో తట్టి చెప్పింది.

"మధ్య పరీక్షలో తప్పినవాళ్ళ పేరు కొట్టేస్తాను. ఎనిమిది మందికి తగ్గితే ఈ బ్యాచ్‌ని పగటి బ్యాచ్‌లో కలిపేస్తారు. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవొద్దు."

కోడలు మెల్లిగా తల తిప్పి నా వంక చూసింది. నేను గోడకు తగిలించిన అస్థిపంజరం వంక చూశాను. దానికి ఒక చేతి చిటికెన వేలు లేదు.

క్లాసు జరిగేది సైన్సు ల్యాబులో. మూలన సింకు మీద కుళాయి టప్ టప్‌మని కారుతూ ఉండేది. వాషర్ అరిగిందని వినగానే తెలిసింది. మర్నాడు జేబులో ఒకటి వేసుకెళ్ళి మార్చేశాను.

"ఇది మార్కుల కోసమైతే దండగ" అంది మేడమ్.

"మార్కుల కోసం కాదు మేడమ్, చెవుల కోసం."

నా పక్కన కూర్చునే అంబులెన్సు డ్రైవరు పెద్దగా నవ్వాడు. అతను ఏం మాట్లాడినా వీధి చివరిదాకా వినబడుతుంది కాబట్టి అందరూ సైరన్ అనేవాళ్ళు. "షావుకారుగారూ, మీరొచ్చాక క్లాసులో కారడం ఆగింది, ఇక మా బుర్రలకు కూడా ఓ వాషర్ వెయ్యండి" అన్నాడు.

ఊరికే కూర్చుందామనే వెళ్ళాను. రెండో వారానికల్లా ముందు బెంచీకి జరిగాను. ఎందుకంటే మేడమ్ చెప్పిన పద్ధతి నాకు పుట్టినప్పటినుంచీ తెలిసినట్టే అనిపించింది. పొడుగాటి పేరు చూసి బెదిరిపోకండి, ముందు తోక చూడండి అంది. తోకలో ఐటిస్ ఉంటే వాపు, మంట. ఎక్టమీ ఉంటే కోసి తీసేయడం. స్కోపీ ఉంటే లోపలికి చూడడం. తోక తెలిశాక తల చూసుకోవాలి. గ్యాస్ట్రో అంటే పొట్ట. అంచేత గ్యాస్ట్రైటిస్ అంటే పొట్టలో మంట.

దుకాణంలో నేను చేసేదీ అదే కదా! "అర అంగుళం ఇత్తడి ఎల్బో" అని ఒకడు అడిగితే నా కాళ్ళు ముందు ఎల్బోల అరల వైపే పోతాయి. ఇత్తడా ఇనుమా, అర అంగుళమా ముప్పావా అన్నది అక్కడికి చేరాక చూసుకునే సంగతి. ఈ డాక్టర్లు కూడా మనలాగే అరలు కట్టుకుని సామాను సర్దుకున్నారన్నమాట!

ఇక నన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. దుకాణంలో డబ్బాలకు చీటీలు అంటించాను. పైపులు కోసే కట్టర్ల డబ్బాకు ఎక్టమీ. టార్చి లైట్ల సొరుగుకు స్కోపీ. ఎండకు ఉబ్బి పగిలాయని జనం వెనక్కి తెచ్చి పడేసిన పైపు ముక్కలకు ఐటిస్. ఒకరోజు మా అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నా, ఒకాయన కట్టర్ కావాలంటున్నాడు. ఎక్టమీలో ఉందా, స్కోపీలో ఉందా?"

ఇంట్లోనూ అదే గోల. మా ఆవిడ మోకాలు పట్టుకుని మెట్లెక్కుతుంటే "ఆర్థ్రాల్జియా" అన్నాను.

"ఏంటది?"

"కీలు నొప్పి."

"పేరు పెడితే తగ్గుతుందా?"

"తగ్గదు."

"మరైతే ఆ సంచీ అందుకోండి."

కోడలిది వేరే దారి. మేడమ్ చెప్పిన ప్రతి పదాన్నీ బస్సులో కళ్ళు మూసుకుని వల్లె వేసేది. నేను వల్లె వేయలేను, వయసు మీద పడింది. తలా తోకా పట్టుకుని మిగతాది అతికించుకోగలను. ఆ అతుకు మీద నమ్మకంతోనే పరీక్షకు కూర్చున్నాను.

పరీక్ష ముందు మేడమ్ స్పష్టంగా చెప్పింది. "తెలియనిది ఖాళీగా వదిలేయండి, సున్నా వేస్తాను. ఊహించి తప్పు రాశారో, వచ్చిన మార్కుల్లోంచి కోస్తాను." నా చెవులు విన్నాయి. చెయ్యి వినలేదు. ప్రశ్న ఎదురుగా కనబడితే వచ్చినవాడు కౌంటరు ముందు నిలబడ్డట్టే ఉంటుంది నాకు. వట్టి చేతులతో ఎలా పంపను? తెలియని ప్రతి పదానికీ దగ్గర్లో ఉన్న అర్థమేదో ఒకటి అందించాను. ఇచ్చిన ముక్కలతో పదాలు కట్టమన్న చోట, వరస తప్పకుండా అన్నీ కట్టేశాను.

తరవాతి క్లాసులో మేడమ్ నా పేపరు చేత్తో పట్టుకుని నన్ను ముందుకు పిలిచింది.

"టాకీనెఫ్రియా. ఏంటిది?"

"టాకీ అంటే వేగం, నెఫ్రో అంటే మూత్రపిండం. వేగంగా పనిచేసే మూత్రపిండం మేడమ్."

"అలాంటి జబ్బు ఎవరికుంది?"

"మా బావమరిదికి. బస్సు ఆగిన చోటల్లా దిగుతాడు."

సైరన్ బెంచీ మీద వాలిపోయాడు. క్లాసంతా నవ్వింది, కోడలు తప్ప. మేడమ్ కూడా నవ్వలేదు.

"ముక్కలు బాగానే అతికాయి. ఆ జబ్బుతో వచ్చే రోగే లేడు. సరే, అది పోనివ్వండి. ఇక్కడ చూడండి, ఈ పదాలేవీ మీకు తెలియవు. అయినా అన్నిటికీ జవాబులు రాశారు. ఇవి వదిలేసి ఉంటే పాసయ్యేవాళ్ళు. రాసి తప్పారు."

"మా దుకాణంలో లేదు అనే అలవాటు లేదు మేడమ్."

"మీరు తప్పు వాల్వు ఇస్తే ఏమవుతుంది?"

"మర్నాడు తిరిగి తెస్తాడు. మార్చి ఇస్తాం."

"వార్డులో మర్నాడు తిరిగి తేవడం ఉండదండీ" అంది మేడమ్.

నేను నా పేపరు అందుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాను.

చివరికి ఆవిడే ఒక దారి చూపించింది. వచ్చే క్లాసులో నోటితో అడిగే పరీక్ష. నాలుగు పదాలు. మూడు సరిగ్గా చెప్పి, నాలుగోది తెలియదన్నా పేరు ఉంటుంది. ఒక్కటి తప్పు చెప్పినా పేరు పోతుంది, పేరుతో పాటు బ్యాచ్ కూడా.

బస్సు స్టాపులో కోడలు నాకు రెండడుగుల దూరంలో నిలబడింది. నేనే కదిపాను.

"తిట్టాలనుంటే తిట్టమ్మా."

"తిట్టడం కాదు మామయ్యా. కోపం తెచ్చుకోనంటే ఒకటి చెప్తాను. నేను మీ ఇంటికొచ్చినప్పటి నుంచి మీ నోట తెలియదు అన్న మాట వినలేదు."

"అవసరం రాలేదు."

"వచ్చింది. మొన్న అత్తయ్య ఆ తెల్లమాత్ర ఎందుకని అడిగితే రక్తం పలచబడడానికి అన్నారు. అది గ్యాస్‌కి."

ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు తర్ఫీదు మొదలైంది. కోడలు పదాలు అడగలేదు. అత్తా కోడళ్ళు కలిసి నాకు తెలిసే వీల్లేని ప్రశ్నలు అడిగారు.

"ఎదురింటివాళ్ళు కొత్త కారు ఎందుకు కొన్నారు?" అంది మా ఆవిడ.

"పాతది బ్రేకులు..."

"తప్పు!"

"ఎల్లుండి వాన పడుతుందా మామయ్యా?"

"గాలి చూస్తే పడేలాగే..."

"తప్పు!" ఇద్దరూ ఒకేసారి అరిచారు. మా ఆవిడను ఇంత సంతోషంగా చూసి చాలా కాలమైంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు దక్కని లాభమేదో ఆ రాత్రి వడ్డీతో సహా రాబట్టుకుంది. చివరికి నేను గోడవైపు తిరిగి "తెలియదు" అన్నాను. తుప్పుపట్టిన నట్టు కదిలినట్టు, చిన్న కిర్రుమన్న చప్పుడుతో వచ్చింది ఆ మాట.

పరీక్ష రోజు నన్ను అస్థిపంజరం పక్కన నిలబెట్టారు. మేడమ్ గడియారం పైకెత్తి చూసుకుంది.

"రైనోప్లాస్టీ."

ప్లాస్టీ తోక, బాగుచేయడం. రైనో ముక్కు. "ముక్కుని సరిచేసే ఆపరేషన్."

"బ్రాడీకార్డియా."

"గుండె నెమ్మదిగా కొట్టుకోవడం."

"కోలెసిస్టెక్టమీ."

తోక కట్టర్ల డబ్బా. కోలె పిత్తం, సిస్ట్ సంచీ. "పిత్తాశయం కోసి తీసేయడం."

సైరన్ గుసగుసగా "మూడు!" అన్నాడు. అతని గుసగుస వరండాలోకి వినబడింది.

"బ్లెఫరోప్టోసిస్" అంది మేడమ్.

తోక నాకు తెలుసు. ప్టోసిస్ అంటే జారిపోవడం, వాలిపోవడం. తల తెలియదు. బ్లెఫరో. ఏది జారుతుంది ఒంట్లో? పొట్ట జారుతుంది. భుజం జారుతుంది. సగం సామాను చేతిలో ఉంది, మిగతా సగం దగ్గర్లో ఏదో ఒకటి పెడితే అతికిపోతుంది. నా నాలుక కొస మీద "భుజం" సిద్ధంగా ఉంది. కౌంటరు ముందు మేడమ్ నిలబడి చెయ్యి చాచినట్టే ఉంది. ఆవిడ వెనక కోడలు తల దించుకుని, బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"తోక తెలుసు మేడమ్. జారిపోవడం. ముందు ముక్క..." ఆగాను. "లేదు. నా దగ్గర లేదు. తెలియదు."

మేడమ్ హాజరు పట్టీ తెరిచి, నా పేరు ఎదురుగా టిక్కు పెట్టింది. కోడలు బల్ల అంచు వదిలింది.

"వెళ్ళి కూర్చోండి. పాసయ్యారు."

నేను కదల్లేదు. "ఇంతకీ బ్లెఫరో అంటే ఏంటి మేడమ్?"

"పాసయ్యారన్నాను కదండీ."

"అది సరే మేడమ్. జారేది ఏంటో చెప్పండి, లేకపోతే నాకు నిద్ర పట్టదు."

అప్పుడు మొదటిసారి ఆవిడ నవ్వింది. "మీ కోడలినడగండి. రోజూ చూస్తుంది."

తిరుగు బస్సులో అడిగాను.

"కనురెప్ప మామయ్యా. పై రెప్ప వాలిపోయి కంటికి అడ్డం పడుతుంది. మా ఆసుపత్రికి చాలామంది వస్తారు. మీరు నించున్నంతసేపూ నా కళ్ళల్లోకి చూస్తే చెప్పేస్తానేమోనని తల దించుకున్నాను."

కనురెప్ప! ఇన్నేళ్ళుగా కౌంటరు అవతల ఎన్ని మొహాలు చూశాను! వచ్చినవాడు కొంటాడా బేరమాడి పోతాడా అని కళ్ళలోకే చూసేవాణ్ణి, రెప్ప సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. బస్సులో ఒక్కొక్కరినీ చూడడం మొదలుపెట్టాను. ఎదురు సీట్లో ఒక పెద్దమనిషికి కుడి రెప్ప ఎడమదానికంటే కిందికి ఉంది. నేను ముందుకు వంగాను.

"మామయ్యా, అలా చూడకండి. కొడతాడు."

"కుడిది చూడమ్మా. అది జబ్బేనా, లేక నిద్రొస్తోందా?"

ఆమె ఓరగా ఒక్క చూపు చూసింది.

"తెలియదు మామయ్యా" అంది, ఏ కష్టమూ లేకుండా.

దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా ఇద్దరం అతని రెప్పనే చూస్తూ కూర్చున్నాం.