కంభం బడికి పోయిన పలక

మార్కాపురంలో పలకలు తయారుచేసే కొట్టాలు చాలా ఉన్నా, మోటారు సైకిలు ఉన్న కొట్టం మాలకొండయ్యదొక్కటే. ఇంగ్లండుకు వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర దాన్ని పక్కతొట్టితో సహా కొన్నాడు. ఆదివారం రాగానే భార్య కృష్ణవేణమ్మను ఆ తొట్టిలో కూర్చోబెట్టుకుని తర్లుపాడు వైపో, దోర్నాల వైపో బయలుదేరేవాడు.

"పెండ్లాన్ని తొట్టిలో ఏసుకోని ఏ సంతకు తోల్తాండావు మాలకొండయ్యా?" అని మొదట్లో జనం నవ్వారు.

"మంచి బేరం తగల్లేదులే మామా!" అని కృష్ణవేణమ్మే బదులు చెప్పేది.

బండి ఎక్కడ ఆగితే అక్కడ ఆమె ఒళ్ళోకి పలక వచ్చేది. కొండనో, గొర్రెనో, గొర్రెల కాపరినో బలపంతో గీసేది.

పంతొమ్మిది వందల ముప్పై ఏడులో శివరాత్రి వెళ్ళాక కృష్ణవేణమ్మకు సరోజమ్మ దగ్గర నుంచి జాబు వచ్చింది. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. సరోజమ్మ ఇప్పుడు కంభంలో ఆడపిల్లల బడిలో టీచరు. "మా బడికి బొమ్మలు నేర్పే మనిషి కావాలి. వారానికి రెండు దినాలు. మద్రాసులో బొమ్మల పరీక్ష ప్యాసైన అయ్యవారు ఒకాయన ఆ పని అడుగుతున్నాడు. నేను నీ పేరు చెప్పినాను. నీకు పరీక్ష లేదు కదా అని పెద్ద టీచరమ్మ గొణిగి, చివరికి ఒక్క బొమ్మ చూస్తానంది. మా పిల్లలకు కాగితాలు కొనే తాహతు లేదు గనుక పలక మీదే గీసి తేవాలి. వచ్చే వారం కాదు, ఆ పై శనివారం పది గంటలకు" అని రాసింది.

కృష్ణవేణమ్మకు ఆ పని కావాలి. ఇంట్లో ఆమె బొమ్మలను అందరూ మెచ్చుకునేవారు, పాయసాన్ని మెచ్చుకున్నట్టు. అదీ ఒక పనేనని ఒక్కరైనా అనాలని ఆమె కోరిక.

పెద్ద పలక ఒకటి ఏరుకుని అత్త చెన్నమ్మ ముఖం గీయడం మొదలుపెట్టింది. పది రోజులు పట్టింది. ముక్కుపుడక దగ్గరే రెండు రోజులు పోయాయి. చెన్నమ్మకు మాత్రం చెప్పలేదు. చెబితే కొత్త రవిక తొడుక్కుని బిగుసుకుపోయి కూర్చుంటుంది. శుక్రవారం సాయంత్రం బొమ్మ ముగించి, పలకను తువ్వాలలో చుట్టి అరుగు మీద పెట్టింది.

తెల్లవారి బండి తీస్తుంటే, "నేనూ వస్తా. కంభం చెరువు చూసి పన్నెండేండ్లయింది" అంటూ చెన్నమ్మ తొట్టిలో కూర్చుంది. కృష్ణవేణమ్మ పలకను ఒళ్ళో పట్టుకుని భర్త వెనక ఎక్కింది.

బళ్ళో పెద్ద టీచరమ్మ, సరోజమ్మ, ముప్పై మంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. కృష్ణవేణమ్మ తువ్వాల విప్పింది. పలక నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్క గీత లేదు.

"బొమ్మ ఏదీ?" అంది పెద్ద టీచరమ్మ.

"నేనే తుడిచినా" అంది గుమ్మంలోంచి చెన్నమ్మ, మెప్పు కోసం చూస్తూ. "కోడి కూయకముందే లేచి బొగ్గూ గుంటగలగరాకూ ఏసి రుద్ది, మళ్ళా తువ్వాలలో చుట్టిపెట్టినా. మా కొట్టం నుంచి గీత పడ్డ పలక బయటికి పోయిందంటే, పాతయి తెచ్చి కొత్తయని అమ్ముతాండారని పేరు రాదూ? మా మామ కాలం నుంచీ అది కట్టడి."

"అత్తా, ఆ పలకలో ఉండింది నువ్వే!"

"నేనా? చీకట్లో ఏందో పిచ్చిగీతలనుకుంటి." ముసలామె చెంపలు వేసుకుంది. "నా మొగం నేనే రుద్దేసుకుంటినా! ఒక మాట ముందే చెప్పకూడదా మ్మే?"

"వచ్చే శనివారం ఇంకోటి గీసి..." అనబోయాడు మాలకొండయ్య.

"అప్పటికి ఆ అయ్యవారు చేరిపోతాడన్నా" అంది సరోజమ్మ మెల్లగా.

కృష్ణవేణమ్మ పెద్ద టీచరమ్మ వైపు తిరిగింది. "గంట కొట్టేదానికి ఎంతసేపుంది?"

"అరగంట."

"చాలు. పలక ఉంది, బలపం ఉంది, మనిషి కూడా వచ్చింది."

అత్తను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. అనుకున్నట్టే చెన్నమ్మ కొంగు సర్దుకుని, ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మయింది. రెండు గీతలు గీసి కృష్ణవేణమ్మ ఆపేసింది. ముందు బెంచీ పిల్ల చేతిలోని పలక తీసుకుని అత్త ఒళ్ళో పెట్టింది.

"ఇది చూడత్తా, ఎట్ల చేసిందో."

"అయ్యో! ఏందే పాపా, ఎంగిలితో తుడుస్తాండావా? సరస్వతిని ఉమ్మితో కడుగుతారా ఎవరన్నా? ఇట్ల చూడు, గుండ్రంగా రుద్దాల."

పిల్లలు చుట్టూ మూగారు. బొమ్మ సంగతే మరిచిపోయి చెన్నమ్మ ఒక్కొక్కరి పలకా లాక్కుని, కొంగు తడిపి తుడుస్తూ చీవాట్లు పెట్టడం మొదలుపెట్టింది. కృష్ణవేణమ్మ బలపం ఆగలేదు. పది రోజుల బొమ్మలో ముఖం ఒక్కటే ఉండేది. ఇందులో వంగిన మెడ వచ్చింది, తడి కొంగును బిగించి పట్టిన వేళ్ళు వచ్చాయి, గద్దించడానికి తెరిచిన నోరు వచ్చింది. ముక్కుపుడక ఒక్క చుక్కతో సరిపోయింది.

గంట కొట్టారు. పెద్ద టీచరమ్మ పలకను, చెన్నమ్మను మార్చి మార్చి చూసింది.

"ఈ పలక పక్కన కూర్చుంటే నాకూ తిట్లు పడేట్టున్నాయి" అని మొదటిసారి నవ్వింది. "సోమవారం నుంచి రండి."

"సోమవారం దాకా ఎందుకు? ఈ గంట ఏం పాఠం?" అంది కృష్ణవేణమ్మ.

"లెక్కలు. సరోజమ్మగారిది."

సరోజమ్మ అప్పటికే లెక్కల పుస్తకం మూసేసింది.

కృష్ణవేణమ్మ చీర చెంగు దోపుకుని, పిల్లలను ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టింది. "ఒకరి మొగం ఒకరు గీయండి. నోరు మూసుకోని కూర్చోవద్దు. మాట్లాడుకుంటా గీయండి" అంది.