రెండు జడలు మాత్రమే

ఇంతమందికి ఒక్క బంగాళాదుంపల రొట్టె ఏం సరిపోతుంది, వంటింట్లో ఫెర్నాన్ తాత, నేను, పొయ్యి పక్కన పిల్లి, ముందుగదిలో తాత భార్య, నాకు మరెన్, ఊరికి సొలాంజ్, ఆవిడ ప్రచారం చూసుకోవడానికి లిమోజ్ నుంచి వచ్చిన మతిల్ద్, ప్రశ్నలడిగే టీవీ ఆవిడ, కెమెరా అతను, అమ్మ మాత్రం లేదు, వృద్ధాశ్రమం పనిలో పక్కబట్టలు మారుస్తూ ఉంటుంది ఈ వేళకి, అమ్మ ఉంటే నన్ను ఈ పనికి ఒప్పుకోనిచ్చేది కాదేమో, చూడమ్మా ఆర్పినె, ఒక్క నిమిషం చాలు, ఎల్లుండి ఆదివారం రెండో విడత ఓటింగు, ఈ రాత్రితో ప్రచారం ఆఖరు, కెమెరా వైపు చూసి ఆవిడ నీకేం చేసిందో చెప్పు, వెయ్యి ఓట్లు అటు నుంచి ఇటొస్తాయి అంది మతిల్ద్, వెయ్యేం ఖర్మ, పోప్ గారి ఓటు కూడా వస్తుంది, నువ్వు ఉల్లిపాయలు తరుగు పిల్లా అన్నాడు తాత తలెత్తకుండా, నేను తరుగుతూనే ఉన్నాను, నాలుగు వాక్యాలు బట్టీపట్టాను, కోళ్ళగూడు ముందు నిలబడి పైకి చెప్పి చూసుకున్నాను కూడా, కోళ్ళ ముందు తడబడలేదు, మనుషుల ముందు నాకు గొంతు ఎక్కడికి పోతుందో, మరెన్‌కి అసలు ఆ బాధే లేదు, ఈమధ్యే మూతపడ్డ మా ఊరి స్టేషన్లో ఒకప్పుడు టిక్కెట్లిచ్చేదట, రైలు ఆపేస్తామన్నప్పుడు పట్టాల మధ్య కుర్చీ వేసుకుని స్వెటర్ అల్లుతూ కూర్చుందట, ఆ స్వెటరే ఇప్పుడు తాత ఒంటి మీద ఉంది, ఒక చెయ్యి పొట్టి, ఏం చేస్తాం, సమ్మె తొందరగా గెలిచేసింది అంటాడు, తర్వాత యూనియన్, తర్వాత మేయరు, తర్వాత డెప్యూటీ అయి పారిస్ పార్లమెంటులో కూర్చుంది, శుక్రవారం రెండో తరగతి రైలుపెట్టెలో తిరిగొచ్చి శనివారం సంతలో కరపత్రాలు పంచేది, ఏం సొలాంజ్, ఈసారీ కాగితాల్లేనోళ్ళ ఓట్లతోనే గెలుస్తావా అని చీజ్ అమ్మే ముసలాయన అంటే, కాగితాలున్న నీ ఓటు నాకెప్పుడు పడింది గనక, ఇందా, చీజ్ చుట్టుకోడానికైనా పనికొస్తుంది అని ఆయన చేతిలోనూ ఒకటి పెట్టింది.

ఈ దేశంలో ఉండే అనుమతి కాగితాల్లేనివాళ్ళంటే అప్పట్లో మేమే, ఉల్లిపాయల వల్లే కళ్ళు మండుతున్నాయి, మా కోసమే ఆవిడ పోయిన ఎన్నికల్లో ఓడిపోయింది, ఎవరూ నాతో అనలేదు గానీ నాకు తెలుసు, మరెన్ అని ఇక్కడ పిలిచేది చర్చిలో జ్ఞానస్నానం నాడు బిడ్డను ఎత్తుకున్న ఆవిణ్ణి, ఈవిడ నాకు మరెన్ అయింది మాత్రం చర్చిలో కాదు, మేయరాఫీసులో, పెళ్ళిళ్ళు చేసే గదిలో, నాకప్పుడు ఏడేళ్ళు, ఆర్మేనియా నుంచి వచ్చి ఏడాది కాలేదు, భుజం మీంచి పదవి గుర్తుగా మూడు రంగుల పట్టీ కట్టుకుని, ఈ బిడ్డకు ఏ కష్టమొచ్చినా ముందు నా తలుపు కొట్టండి అని అందరి ముందూ చదివింది, పత్రిక ఫొటో అతను పాపా ఇటు చూడు అన్నాడు, నేను తిరగబోయాను, ఆవిడ నా భుజాలు పట్టుకుని గోడ దగ్గరున్న ఫ్రాన్సు దేశమాత మరియాన్ బొమ్మ వైపు తిప్పేసింది, మర్నాడు పత్రికలో ఆవిడ ముఖం, ఆవిడ పట్టీ, నావి రెండు జడలు మాత్రమే, అమ్మ దాన్ని కత్తిరించి అద్దం పక్కన అంటించింది, దువ్వుకున్నప్పుడల్లా చూసేదాన్ని, ఆవిడకు సిగ్గేసిందేమో, నా ముఖం ఆ పట్టీ పక్కన బాగోదనుకుందేమో, ఎన్నేళ్ళు అనుకున్నానో, అయినా పోలీసులు నన్ను తీసుకెళ్ళడానికి బడి గేటు దగ్గరికి వచ్చిననాడు అదే పట్టీ వానకోటు మీద కట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడింది ఆవిడే, మాకు కాగితాలు వచ్చేదాకా ప్రభుత్వాఫీసు మెట్లెక్కిందీ ఆవిడే, తర్వాత నేను పక్కూరి పెద్దబడికి వెళ్ళాను, అక్కడ ఎంత హాయిగా ఉండేదో, నేనెవరో ఎవరికీ తెలియదు, కొత్త పిల్ల, అంతే, ఎక్కిరిస్తే నా లెక్కల మార్కుల్ని ఎక్కిరించేవాళ్ళు, ఈత నేర్చుకున్నాను, పక్క బెంచీ కాండీస్‌తో పెన్ను కోసం జుట్లు పట్టుకున్నాను, ఇవన్నీ ఎవరి పుణ్యం, ఇప్పటికి ఒక్కసారైనా చెప్పానా, చెప్పాలి, చేతులు కడుక్కున్నాను, తాత నా జడకంటిన ఉల్లిపొట్టు తీశాడు.

నడవాలో చల్లగా ఉంది, తలుపవతల టీవీ ఆవిడ అడుగుతోంది, మీరు కాపాడారంటారే, ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందండీ, మరెన్ గొంతు, పెద్దదయింది, చదువుకుంటోంది, మన రైలు సంగతి అడగరేం, మతిల్ద్ గొంతు, ఇంట్లోనే ఉంది, పిలుస్తానుండండి, తలుపు తెరుచుకుంది, తెల్లటి దీపం, కెమెరా మెల్లగా నా వైపు తిరుగుతోంది, మొదటి వాక్యం ఏమిటి, నా పేరు ఆర్పినె, నేను, కుర్చీ కిర్రుమంది, మరెన్ లేచి వచ్చి దీపానికీ నాకూ మధ్య నిలబడింది, మరెన్, నేను నేర్చుకుని వచ్చాను, చెప్పనివ్వండి, లేకపోతే మళ్ళీ ఓడిపోతారు అన్నాను గుసగుసగా, ఓడిపోతే ఏముందే, ఆదివారం అందరం ఇంట్లోనే తింటాం, వెళ్ళు తల్లీ, రొట్టె మాడుతున్నట్టుంది అంది, రొట్టె ఇంకా పొయ్యిలోకే వెళ్ళలేదు, ఆవిడకీ తెలుసు, రెండు చేతులూ నా భుజాల మీద పడ్డాయి, అవే చేతులు, అదే పట్టు, నన్ను అటు తిప్పేశాయి, కెమెరాకి మళ్ళీ నా జడలే దొరికి ఉంటాయి, పక్కూరి బడిలో నేనెవరో ఎవరికీ తెలియకపోవడం ఊరికే జరగలేదు, ఆ పత్రికలో నా ముఖం లేదు గనకే నా ముఖం నాకు మిగిలింది, అది సిగ్గు కాదు, ఎప్పుడూ కాదు, వెనక మరెన్ తలుపు మూసింది.