బొట్లసందు వీరుడు

ఒమన్ దేశంలో, సోహార్ కోటకు వెనకవైపు, చేపల మార్కెట్టుకు పోయే దారిలో ఒక పాత పేట ఉంది. అక్కడ తయ్యబా పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో పనిచేస్తోంది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన కొత్తలో గేటు దాటాలంటేనే వణికిన మనిషి, ఇప్పుడు ఏ ఇంట్లో ఏ చేప వేగుతోందో వాసనబట్టి చెప్పేస్తుంది.

ఆ ఇంటి చిన్నల్లుడు హిలాల్ మస్కట్ దగ్గర సీబ్‌లో ఉంటాడు. మంచి విల్లా, మంచి ఉద్యోగం, తన గురించి తనకు అంతకన్నా మంచి అభిప్రాయం. శుక్రవారం శుక్రవారం అత్తగారింటికి వచ్చి, మగవాళ్లు కూర్చునే మజ్లిస్‌లో దిండుకు ఆనుకుని, ఈ పేట గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చేవాడు. పేట సందుల్లోకి మాత్రం వెళ్లేవాడు కాదు. ఎండ ఎక్కువ, కారు పెద్దది, సందులు చిన్నవి. పాపం, ఏం చేస్తాడు?

అలాంటివాడికే ఒక వారసత్వ సంఘం ఈ పేట మీద పుస్తకం రాసే పని అప్పగించింది. పరిశోధన మొదలైంది. అంటే, తయ్యబాను పిలిచాడు.

"కోట పక్క సందులో ఎవరెవరుంటారు?" అని అరబ్బీ, ఉర్దూ కలిపి అడిగాడు.

తయ్యబా ఖహ్వా, అదే అరబ్బీ కాఫీ, పోస్తూనే చెప్పింది. వలలు బాగుచేసే ముసలాయన ఏ మూల కూర్చుంటాడో, పూడ్చేసిన బావి ఎవరి వంటగది కింద ఉందో, టైలర్ దుకాణం ఎన్నిసార్లు చోటు మార్చిందో, అన్నీ చెప్పింది. హిలాల్ ఫోన్లో రాసుకున్నాడు. నాలుగు శుక్రవారాలు ఇలా శ్రమించాడు. పరిశోధనకు రెండు డబ్బాల ఖర్జూరాలు, చెప్పలేనన్ని గిన్నెల హల్వా ఖర్చయ్యాయి.

ఐదో శుక్రవారం అడిగాడు. "మన వెనక సందు పేరేంటి?"

ఆ సందుకు పేరు లేదు. రెండు వైపులా మూడంతస్తుల గోడలు, గోడల నిండా ఏసీలు, పగలంతా నీళ్లు కారుతుంటాయి. అందుకే బయట మండిపోతున్నా అక్కడ కాస్త చల్లగా ఉంటుంది. సాయంత్రం ఐదింటికి చెత్త పారేయడానికి వచ్చిన పనివాళ్లు అక్కడున్న అరుగు మీద పావుగంట కూర్చుంటారు. రావులపాలెం రమణి పాలడబ్బాల్లో పుదీనా పెంచింది. రాయచోటి బిల్కీస్ ఊరినుంచి వచ్చిన కబుర్లు మోసుకొస్తుంది. పేరు పెట్టింది కూడా రమణే.

"బొట్లసందు అంటాం సార్."

"బత్లా?"

"బొట్లు సార్. బొట్లు."

హిలాల్ లేచి నిలబడ్డాడు. ఆ పరిశోధన మొత్తంలో ఆయన లేవడం అదే మొదలు. "బతల్! సిక్కత్ అల్ బతల్! వీరుడి సందు!"

అరబ్బీలో బతల్ అంటే వీరుడు. తయ్యబా కంగారుపడి, "కాదు సార్, ఏసీ నీళ్లు..." అనబోయింది. ఆయన అప్పటికే సంఘం అధ్యక్షుడికి ఫోన్ కలిపాడు.

నాలుగు నెలలకు పుస్తకం వచ్చింది, నూట నలభై పేజీలతో, బంగారు రంగు అక్షరాలతో. ఇంటి మనవరాలు జువేరియా వంటగదిలో కూర్చుని తయ్యబాకు అర్థం చెప్పింది. వందల ఏళ్ల కిందట ఒక నావికుడు పోర్చుగీసు ఓడలతో పోరాడి, గాయాలతో ఈ సందులోకి వచ్చి, ఆ అరుగు మీదే ప్రాణం విడిచాడట. రచయిత రెండేళ్లు కాలినడకన తిరిగి ఈ నిజం వెలికితీశాడట. చివర్లో కృతజ్ఞతలు ఉన్నాయి. సంఘానికి, భార్యకు, డ్రైవరుకు, రాసేటప్పుడు ఒళ్లో కూర్చున్న పిల్లికి.

"నీ పేరు లేదు తయ్యబా," అంది జువేరియా మొహం చిన్నబుచ్చుకుని.

"పోనీలే బిడ్డా, పిల్లి గూడా కష్టపడింది గదా," అంది తయ్యబా.

పేరు లేకపోవడం ఆమెకు పెద్ద బాధ కాలేదు. అసలు బాధ తర్వాతి వారం వచ్చింది. సందు మొదట్లో నీలం బోర్డు పాతారు. వీరుడి నెత్తిన నీళ్లు పడకూడదని ఏసీలన్నిటికీ గొట్టాలు బిగించి, నీళ్లు కాలువలోకి మళ్లించారు. పుదీనా డబ్బాలు లారీ ఎక్కాయి. అరుగుకు తెల్లరంగు పూసి, చుట్టూ ఇత్తడి గొలుసు కట్టి, కాపలాకు నిజామాబాద్ ఖమరుద్దీన్‌ను పెట్టారు.

ఐదింటికి ముగ్గురు ఆడవాళ్లూ చెత్త సంచులతో వచ్చి నిలబడ్డారు.

"కూసోవద్దమ్మా," అన్నాడు ఖమరుద్దీన్ మొహమాటపడుతూ. "షహీద్ అయిన జాగ అంట. నేను సుత కూసుంటలేను. పొద్దటిసంది నిలబడే ఉన్న."

"అదేంటండి బాబూ! ఆ పేరెట్టింది నేనండి!" అంది రమణి.

"ఎవలన్న వింటరమ్మా, మెల్లగ," అన్నాడతను.

ఆ రోజు సందు బయట ఎండలో నిలబడి రెండు మాటలు మాట్లాడుకుని ఎవరిళ్లకు వాళ్లు పోయారు. మర్నాడు బిల్కీస్ రాలేదు. మూడోరోజు రమణీ రాలేదు. తయ్యబా ఒక్కతే చెత్త పారేసి, గొలుసుకు అవతల అరుగు వైపు కాసేపు చూసి, వెనక్కి వచ్చింది. పదకొండేళ్లలో ఆ పావుగంటే తనదని ఆమెకు అప్పుడు తెలిసింది.

శుక్రవారం మజ్లిస్‌లో సంఘం పెద్దలు నలుగురు కూర్చుని ఉన్నారు. ఖహ్వా పోయడానికి వెళ్లిన తయ్యబా కూజా కింద పెట్టి, గొంతు సవరించుకుంది.

"సార్, ఆ సందులో వీరుడెవరూ లేడు. ఆ పేరు మేం పెట్టుకున్నది. మా భాషలో బొట్లు అంటే నీళ్ల చుక్కలు. ఏసీల చుక్కలు."

హిలాల్ మొహం ఎర్రబడింది. కానీ తెల్లగడ్డం అధ్యక్షుడు ముందుకు వంగాడు. "మీ భాషలో కూడా ఈ మాట ఉందా?"

"ఉంది సార్. మా అమ్మమ్మ కాలం నుంచీ ఉంది."

"సుభానల్లా!" అన్నాడాయన. "చూశారా? మన వీరుడి పేరు ఇండియా రేవుల దాకా పోయింది. నెత్తుటి చుక్కలు చిందించిన వాడు గనక, అక్కడివాళ్లు చుక్కకే ఆయన పేరు పెట్టుకున్నారు!"

నలుగురూ తలలూపారు. హిలాల్ మొహానికి మళ్లీ కళ వచ్చింది. రెండో ముద్రణలో కొత్త అధ్యాయం వేయాలని అక్కడికక్కడే నిర్ణయించారు. అందులో తయ్యబా కూడా ఉంటుంది, 'భారతదేశపు ఒక మౌఖిక ఆధారం' అన్న పేరుతో.

మౌఖిక ఆధారం వంటగదిలోకి వచ్చి, గిన్నెలు ఠపీమని సింకులో పడేసి, కళ్లు తుడుచుకుంది.

"తయ్యబా!" అని పక్కగది నుంచి పిలుపు. ఇంటి పెద్దావిడ. ఎనభై దాటిన ఆమెను అందరూ మామా కబీరా అంటారు. ఈ ఊళ్లో మామా అంటే అమ్మ, కబీరా అంటే పెద్ద. మజ్లిస్‌కూ ఆ గదికీ మధ్య తెర తప్ప మరేమీ లేదు గనక ఆమె అంతా విన్నది.

"చెత్త పారేయడానికి నీకు రోజూ అంతసేపు పట్టేది అక్కడేనా?"

"అవును మామా."

"పదకొండేళ్లూ?"

"అవును మామా."

"ఎవరెవరు వస్తారు?"

దాచి లాభం లేదని తయ్యబా రెండు పేర్లూ చెప్పింది. పెద్దావిడ పమిట లాంటి తన పొడుగాటి తలగుడ్డ సవరించుకుని నవ్వింది.

"నేను కోడలిగా వచ్చి అరవై ఏళ్లయింది. ఆ సందులో మా మేకలు కట్టేవాళ్లం. వీరుడు మేకల మధ్య ఎక్కడ పడుకున్నాడో మరి! రేపు వాళ్లిద్దరినీ రమ్మను."

మర్నాడు ఐదింటికి పెద్దావిడ కర్ర పట్టుకుని బయల్దేరింది. వెనక కుర్చీ మోస్తూ తయ్యబా. సందు మొదట్లో రమణి, బిల్కీస్ అప్పటికే వచ్చి ఉన్నారు. ఖమరుద్దీన్ అడ్డం రాబోయాడు. ఆమె కర్రతో ఇత్తడి గొలుసు కొక్కెం తప్పించి, అరుగు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. అతను గాభరాగా ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతలివాళ్లు ఆవిడ ఎవరి అత్తగారో విన్నారు. వెంటనే, ఆమెకు మంచినీళ్లు ఏమైనా కావాలేమో కనుక్కోమన్నారు.

"ఈ ముగ్గురూ?" అని ఖమరుద్దీన్ సందేహంగా అడిగాడు.

"ముసలిదాన్ని. నాకు తోడు ఉండొద్దా?" అంది పెద్దావిడ. "నువ్వూ కూర్చో. నిలబడి నిలబడి ఎండిపోయావు."

మొదట అందరూ బిగుసుకుని కూర్చున్నారు. పెద్దావిడే పక్కింటి కోడలి సంగతి కదిపింది. ఆ ఇంట్లో వంటచేసేది బిల్కీసే. ఇక ఆగలేదు. రమణికి వచ్చిన అరబ్బీ ముప్పై మాటలే గానీ, చేతులు తోడుచేసి మూడిళ్ల గుట్టు విప్పింది. తయ్యబా నవ్వాపుకుంటూ అటు తెలుగు, ఇటు అరబ్బీ అందించింది. మధ్యలో ఇద్దరు విదేశీ సందర్శకులు వచ్చి, వీరుడి అరుగు మీద స్థానిక సంప్రదాయం చూస్తున్నామనుకుని ఫొటోలు తీసుకుని, చేతులు జోడించి వెళ్లారు.

హిలాల్‌కు సంగతి తెలిసి సీబ్ నుంచి ఫోన్ చేశాడు. అది చారిత్రక స్థలమని అత్తగారికి గౌరవంగా గుర్తుచేశాడు. తానూ చారిత్రకమేనని ఆమె అంతే గౌరవంగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజుకు పిలుపు వినిపించగానే అందరూ లేచారు. ఖమరుద్దీన్ కుర్చీ మడిచాడు. పెద్దావిడ తయ్యబా భుజం పట్టుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి రమణితో అంది.

"రేపు నాలుగున్నరకే రా. ఆ టైలర్ పెళ్లాం సంగతి సగంలో ఆపేశావు."